మాట రాని మనవడు, మాట మరిచే తాత: స్క్రీనింగ్ పరీక్షలు ఏం చెబుతాయి?

(విజయవాడలో తల్లిదండ్రులు, టీచర్లు, పెద్దవయసువాళ్లు కలిసిన ఒక సాయంత్రం సభలో ఒక స్పీచ్ థెరపిస్టు చేసిన ప్రసంగానికి అక్షర రూపం. శ్రోతల ప్రశ్నలను కుదించి ఇచ్చాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. మైకు సరిగా అందకపోతే చెయ్యెత్తండి. వినికిడి గురించి చెప్పడానికి వచ్చి వినపడకుండా మాట్లాడితే బాగుండదు. (నవ్వులు)

మా గదిలోకి వచ్చే కుటుంబాల దగ్గర రెండు మాటలు తరచుగా వింటుంటాను. ఒకటి: "బాబుకి మూడేళ్లు నిండాయండీ, ఇంకా మాటలు రాలేదు. మా అత్తగారేమో ఏం పర్లేదంటున్నారు. మా ఆయనకి కూడా ఐదో ఏటగానీ రాలేదట." రెండోది: "నాన్నగారికి మతిమరుపండీ, అల్జీమర్సే. ఫోన్లో టెస్టు పెట్టి చూశాం, మార్కులు తక్కువొచ్చాయి." పిల్లాడి దగ్గరికొచ్చేసరికి ఆగుదాం అంటున్నారు, పెద్దాయన దగ్గరికొచ్చేసరికి తేల్చేస్తున్నారు. నా ఉద్దేశంలో ఇది తిరగబడాలి. పిల్లల విషయంలో తొందరపడాలి, పెద్దల విషయంలో కాస్త నిదానించాలి.

స్క్రీనింగ్ అంటే చిన్న పరీక్ష. ఐదు పది నిమిషాల్లో అయిపోతుంది. ఎవరిని ఇంకా లోతుగా చూడాలి అన్నది మాత్రమే అది చెబుతుంది. జబ్బు ఉందా, ఉంటే ఏమిటి అన్నది తేల్చే పరీక్ష వేరు, దానికి గంటలు పడుతుంది. మొదటిదాన్ని జల్లెడ అనుకోండి. కన్ను మరీ సన్నగా ఉంటే బాగున్న గింజ కూడా పైనే ఆగిపోతుంది, పెద్దదైతే రాయి కూడా జారిపోతుంది. రెండూ జరగని జల్లెడ ఇంతవరకు ఎవరూ చెయ్యలేదు.

ఊరికే లెక్క కోసం వెయ్యిమంది పిల్లలున్నారనుకుందాం. వాళ్లలో 20 మందికి నిజంగా ఇబ్బంది ఉంది. మన పరీక్ష మంచిదే, ఆ 20లో 18 మందిని పట్టుకుంది. మిగతా 980 మందిలో నూటికి ఐదుగురి చొప్పున పొరపాటున పట్టుకుంది, అంటే 49 మంది. మొత్తం 67 ఇళ్లకు "మీ పిల్లాణ్ని ఒకసారి తీసుకురండి" అని ఫోన్ వెళ్తుంది. అందులో అసలు కేసులు 18. కాబట్టి ఆ ఫోన్ వచ్చిన రాత్రి ఇంట్లో అన్నాలు మానెయ్యక్కర్లేదు. అలాగే "పాస్" అన్నారు కదా అని రిపోర్టు బీరువాలో పెట్టి మర్చిపోకూడదు. దొరకని ఆ ఇద్దరూ పాసైనవాళ్లలోనే ఉన్నారు.

ఇలాంటి పరీక్షలు పుట్టిందే సాయం కోసం. 1905లో పారిస్‌లో బినే, సిమోన్ అనే ఇద్దరు బడిలో వెనకబడే పిల్లల్ని గుర్తించడానికి మొదటి ప్రశ్నావళి తయారుచేశారు. వాళ్లకి కావలసింది ఎవరికి అదనంగా చెప్పాలో తెలుసుకోవడం. తర్వాత వేరే దేశాల్లో దాన్నే మనుషుల్ని వరసలో నిలబెట్టి వీడు తెలివైనవాడు, వీడు మొద్దు అనడానికి వాడారు. ఆ వాసన ఇప్పటికీ పోలేదు. "మా వాడి ఐక్యూ ఎంతండీ" అనే ప్రశ్న ఇంకా వస్తూనే ఉంది.

సరే, పిల్లలు. మాటలు రాలేదంటే మొట్టమొదట చూడాల్సింది చెవి. నోరు తర్వాత. "వినపడుతుందండీ, కుక్కర్ విజిల్ వేస్తే తిరిగి చూస్తాడు" అంటారు. కుక్కర్ విజిల్ పక్కింటివాళ్లకి కూడా వినపడుతుంది! స, శ, చ లాంటి శబ్దాలు చాలా సన్నగా, పై స్థాయిలో ఉంటాయి. తలుపు ధడాలున పడితే ఉలిక్కిపడే పిల్లాడికి అవి అందకపోవచ్చు. జలుబు చేసినప్పుడల్లా చెవి లోపల నీరు చేరే పిల్లలకి ఒక వారం బాగా వినపడుతుంది, ఇంకో వారం వినపడదు. ఇంట్లోవాళ్లు మొండితనం అనుకుంటారు. పుట్టిన బిడ్డకి నెల లోపు వినికిడి స్క్రీనింగ్, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు వైద్యం మొదలు అనేది చాలా దేశాల్లో పెట్టుకున్న లక్ష్యం. ఓఏఈ అనే పరీక్షలో నిద్రపోతున్న బిడ్డ చెవిలో చిన్న గొట్టం పెడతారు, నొప్పి ఉండదు, కొన్ని నిమిషాల్లో అయిపోతుంది. అనుమానం ఉంటే, శబ్దానికి చెవి నరం, మెదడు స్పందిస్తున్నాయో లేదో చూసే బెరా అనే పరీక్ష చేస్తారు. కాన్పు అయిన ఆసుపత్రిలో "చెవి పరీక్ష చేశారా" అని అడగండి. బారసాలకి హాలు బుక్ చేసుకునే లోపు ఆ ఒక్క ప్రశ్న అడగొచ్చు.

(ఒక పెద్దావిడ: మా రోజుల్లో వస పోసేవాళ్లం, మాటలు గలగలా వచ్చేవి.)

మీరు పోశారమ్మా, అందరికీ పోశారు. మాటలొచ్చిన పిల్లల్ని వస పిట్ట అని ముద్దు చేశాం. రాని పిల్లల సంగతి ఎవరూ లెక్కపెట్టలేదు. (నవ్వులు) ఇంట్లో వాడే వస కంటే నాకు భయం కలిగించేది ఇంకొకటుంది: "నాలుక కింద నరం కోయిస్తే మాటలొస్తాయి" అనే సలహా. నాలుక కింద పొర బిగుతుగా ఉంటే పాలు తాగడంలో ఇబ్బంది రావొచ్చు, ఒకటి రెండు అక్షరాలు సరిగ్గా పలక్కపోవచ్చు. రెండేళ్ల పిల్లాడు అసలు మాటే మాట్లాడకపోవడానికి కారణం అది కాదు. కోయించి, ఆరు నెలలు ఎదురుచూసి, అప్పుడు వస్తారు. ఆ ఆరు నెలలు తిరిగి రావు.

ఎప్పుడు ఏం చూడాలి? ఏడాది దగ్గరపడేసరికి పేరు పెట్టి పిలిస్తే తిరగాలి. ఏడాదికి అటూఇటూగా ఒకటో రెండో మాటలు. ఏడాదిన్నరకి వేలు పెట్టి చూపించాలి. రెండేళ్లకి ఒక యాభై మాటలు, రెండేసి మాటలు కలపడం: "అమ్మా రా", "తాత బండి", "పాలు వద్దు". ఒకటీ అరా నెలలు తేడా ఉంటే కంగారు అక్కర్లేదు. కానీ వచ్చిన మాటలు పోతే మాత్రం, ఏ వయసులోనైనా సరే, మర్నాడే డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

వేలు పెట్టి చూపించడం గురించి కాస్త ఆగి చెబుతాను, ఎందుకంటే ఇక్కడే ఎక్కువమంది తల్లిదండ్రులు తడబడతారు. ఆటిజం కోసం వాడే ఎమ్-చాట్ అనే ప్రశ్నావళి ఉంది. 16 నుంచి 30 నెలల పిల్లలకి. అవును, కాదు అని చెప్పాల్సిన 20 ప్రశ్నలు. అందులో ఒక ప్రశ్న: పిల్లాడు కావలసిన దానికోసం వేలు పెడతాడా? ఇంకో ప్రశ్న: ఆసక్తిగా అనిపించినదాన్ని మీకు చూపించడానికి వేలు పెడతాడా? రెంటికీ అమ్మ "ఆఁ, పెడతాడు" అనేస్తుంది. నేను అడుగుతాను: "కృష్ణ బ్రిడ్జి మీద రైలు పోతుంటే ఏం చేస్తాడు?" చాలామంది పిల్లలు రైలు కేసి వేలు చూపించి, వెంటనే వెనక్కి తిరిగి అమ్మ మొహం చూస్తారు. నువ్వూ చూశావా అని. కొంతమంది రైలునే చూస్తారు, కళ్లార్పకుండా చూస్తారు, అమ్మ అక్కడ ఉన్నట్టే ఉండదు. వాళ్లే ఫ్రిజ్ దగ్గరికి మాత్రం అమ్మ చెయ్యి పట్టుకుని, ఆ చేతినే ఒక పనిముట్టులా తీసుకెళ్లి హ్యాండిల్ మీద పెడతారు. మాట కన్నా ముందు వచ్చేది ఆ వెనక్కి తిరిగి చూసే చూపు. అది లేకపోతే మాటలు లెక్కపెట్టి లాభం లేదు.

ఈమధ్య దీన్ని కప్పేసే కొత్త సంగతి ఒకటి చేరింది. పిల్లాడు ఏ ఫర్ యాపిల్ నుంచి జెడ్ దాకా చెబుతాడు, రంగులన్నీ ఇంగ్లీషులో చెబుతాడు, అదీ అమెరికా యాసలో. చుట్టాలొచ్చినప్పుడు చెప్పిస్తారు కూడా. దాహం వేస్తే మాత్రం "నీళ్లు" అనడు. యూట్యూబ్ పాఠం వల్లించడం ఒకటి, ఎదుటి మనిషితో మాట్లాడడం ఒకటి. ఫోన్ వల్లే ఆటిజం వస్తుందని నేను అనడం లేదు. ఫోన్ ఉండడం వల్ల ఇంట్లోవాళ్లకి తెలియడం ఆలస్యమవుతోంది అంటున్నాను.

ఎమ్-చాట్‌లో అనుమానం కలిగించే జవాబులు 3 నుంచి 7 వస్తే అక్కడితో తీర్పు ఇవ్వరు, ఆ ప్రశ్నల్నే మళ్లీ ఉదాహరణలతో విడమర్చి అడుగుతారు. 8, ఆపైన వస్తే నేరుగా పూర్తి పరీక్షకి పంపిస్తారు. ఇంటర్నెట్‌లో నింపి భయపడేవాళ్లు ఈ రెండో విడత దాకా వెళ్లరు, అందుకే అంత టెన్షన్.

మన దేశంలో తయారైనవి కూడా ఉన్నాయి. త్రివేండ్రంలో తయారుచేసిన ఎదుగుదల చార్టు ఒకటుంది, రెండేళ్లలోపు పిల్లలకి, 17 అంశాలు. దానికి కావలసిన సామాను ఒక పెన్ను, ఒక తాళాల గుత్తి, అంతే. అంగన్‌వాడీలో కూడా చెయ్యొచ్చు. నాకు బాగా నచ్చిన పరీక్ష అది. ప్రభుత్వం 2013లో మొదలుపెట్టిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల దాకా పిల్లల్ని అంగన్‌వాడీల్లో, ప్రభుత్వ బడుల్లో చూస్తారు. ఎదుగుదలలో ఆలస్యం కూడా అందులో భాగమే. అనుమానం వస్తే జిల్లా స్థాయిలో ఉండే ముందస్తు చికిత్స కేంద్రానికి పంపిస్తారు. బడి నుంచి ఆ చీటీ వస్తే అవమానంగా భావించి చించెయ్యకండి.

(ఒక తండ్రి: ఇంట్లో తెలుగు, స్కూల్లో ఇంగ్లీషు. రెండు భాషల వల్ల మాటలు ఆలస్యమవుతాయా? స్కూల్లో మేడమ్ ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడమన్నారు.)

ఆలస్యం కావు. ఆ సలహా వినొద్దు, నాయనా. మీకు వచ్చిన, మీకు హాయిగా ఉన్న భాషలోనే వాడితో కబుర్లు చెప్పండి. రెండు భాషల పిల్లాడిని పరీక్షించేటప్పుడు రెండిట్లో ఉన్న మాటలూ కలిపి లెక్కపెట్టాలి. "కాకి" తెలుగులో, "బస్" ఇంగ్లీషులో ఉంటే రెండు మాటలు వచ్చినట్టే. ఇంగ్లీషు ఒక్కదాంట్లోనే పరీక్ష పెట్టి వెనకబడ్డాడంటే తప్పు ఆ పరీక్షదే. వన్ టౌన్‌లో ఉర్దూ ఇళ్ల నుంచి, మార్వాడీ ఇళ్ల నుంచి వచ్చే పిల్లలకి తెలుగు ఒక్కదాంట్లో పెట్టినా అంతే. ఇంకో మాట. హైదరాబాద్ నిమ్స్‌లో 648 మంది డిమెన్షియా (మతిమరుపు జబ్బు) రోగుల్ని చూసి 2013లో ప్రచురించిన అధ్యయనం ఉంది. ఒక్క భాషే మాట్లాడేవాళ్లతో పోలిస్తే రెండు, అంతకన్నా ఎక్కువ భాషలు మాట్లాడేవాళ్లలో లక్షణాలు సగటున నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా మొదలయ్యాయి. బడికి వెళ్లనివాళ్లలో కూడా ఆ తేడా కనపడింది. పిల్లాడి దగ్గర మనం భయపడే రెండో భాష పెద్దయ్యాక అక్కరకొస్తుందన్నమాట.

చదువు సమస్యల గురించి క్లుప్తంగా చెబుతాను, టీచర్లు ఉన్నారు కాబట్టి. చురుగ్గా ఉంటాడు, నోటితో అడిగితే అన్నీ చెబుతాడు, పుస్తకం తెరిస్తే మాత్రం ఒత్తులు మింగేస్తాడు, గుణింతాలు తారుమారు చేస్తాడు. ఇలాంటి పిల్లాడికి వచ్చిన పాఠం చదివించి చూడకండి, బట్టీ పట్టి ఉంటాడు. "గిటమ", "తొమిడ" అని ఎక్కడా లేని మాటలు రాసి ఇవ్వండి. అర్థం పట్టుకుని ఊహించే వీలుండదు, అక్షరాలు కూడబలుక్కోవాల్సిందే. అక్కడ తెలిసిపోతుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో నేర్చుకోవడంలో ప్రత్యేక ఇబ్బంది కూడా ఉంది. మూడో తరగతిలో గానీ ఎనిమిదేళ్లకి గానీ, ఏది ముందైతే అప్పుడు, బడిలో స్క్రీనింగ్ జరగాలని ప్రభుత్వ మార్గదర్శకాలు చెబుతున్నాయి. సర్టిఫికెట్ ఎనిమిదేళ్లు నిండాకే ఇస్తారు. సాయం చెయ్యడానికి మాత్రం సర్టిఫికెట్ దాకా ఆగక్కర్లేదు.

ఇప్పుడు పెద్దల దగ్గరికి వద్దాం. మీ అందరికీ కాగితం, పెన్ను ఇచ్చాం కదా. ఒక గుండ్రం గియ్యండి. గడియారంలో ఉన్నట్టు అంకెలు వెయ్యండి. ముళ్లు పదకొండు గంటల పది నిమిషాలు చూపించాలి. పక్కవాళ్ల కాగితం చూడొద్దు. (నవ్వులు)

పదకొండూ పదే ఎందుకు? ఆ "పది"లోనే కిటుకుంది. పది నిమిషాలంటే పెద్ద ముల్లు 2 మీద ఉండాలి. కానీ చెవిలో "పది" అని మోగుతుంటుంది, కళ్లెదుట 10 అంకె కనపడుతుంటుంది. దాని మీదకి చెయ్యి పోకుండా ఆపుకోవడం మెదడు ముందు భాగం చేసే పని. ఆ పట్టు సడలినవాళ్లు ఒక ముల్లు 11 మీద, ఇంకోటి 10 మీద పెట్టి, చక్కగా ఉందన్నట్టు కాగితం తిరిగి ఇచ్చేస్తారు. ఇంకొందరు 12 పైన వేసి, 1, 2, 3 అంటూ ఒత్తుగా వేసుకుంటూ పోతే కుడివైపు సగం వృత్తంలోనే పన్నెండూ అయిపోతాయి. ఎడమవైపు ఖాళీగా ఉంటుంది. అప్పుడు పెన్ను గాల్లో ఆగుతుంది. తప్పు జరిగిందని తెలిసి ఆగారా, తెలియకుండానే "అయిపోయిందండీ" అన్నారా అన్నది నేను జాగ్రత్తగా చూస్తాను. మార్కుల పట్టికలో దానికి గడి ఉండదు.

మతిమరుపు ఉందేమో చూసే మినీ-కాగ్ అనే పరీక్షలో ఈ గడియారం, మూడు మాటలు గుర్తుపెట్టుకోవడం, అంతే. మొత్తం ఐదు మార్కులు. ఇలాంటి పరీక్షల్లో ఎక్కువగా వినపడేది ఎమ్ఎమ్ఎస్ఈ, 1975లో వచ్చింది, ముప్పై మార్కులు. మోకా అనే ఇంకోటి 2005లో వచ్చింది, అదీ ముప్పైకే, 26కి తగ్గితే ఇంకాస్త లోతుగా చూడమంటారు. చదువు పన్నెండేళ్లు, అంతకంటే తక్కువైతే ఒక మార్కు కలుపుతారు. మన పల్లెటూళ్లలో బడి గడప తొక్కనివాళ్లకి ఆ ఒక్క మార్కు ఏ మూలకి?

ఒక ఉదాహరణ చెబుతాను. ఒకావిడ బడికి వెళ్లలేదు. చీటీ పాటలు నడుపుతుంది. ఎవరు ఎన్ని నెలలు కట్టారో, ఎవరికి ఎంత వడ్డీ పడిందో కాగితం లేకుండా చెబుతుంది. ఆవిడని వందలోంచి ఏడేసి తీసుకుంటూ పొమ్మని, రెండు పంచభుజాలు గియ్యమంటే మార్కులు రావు. ఇంకొకాయన చదివిందీ చదివించిందీ అంతా కాలేజీలోనే. ముప్పైకి ఇరవై తొమ్మిది తెచ్చుకుంటారు. పక్కన కూర్చున్న భార్య మెల్లగా, "రైతుబజారుకి స్కూటర్ మీద వెళ్లి ఆటోలో వస్తున్నారండీ" అంటుంది. ఎవరి గురించి కంగారు పడాలి? అందుకే ఏడీ8 లాంటి ప్రశ్నావళులు రోగిని కాకుండా ఇంట్లోవాళ్లని అడుగుతాయి. ఎనిమిది ప్రశ్నలు. ఇదివరకటికీ ఇప్పటికీ మార్పు వచ్చిందా అని. ఆ మనిషిని ఆ మనిషితోనే పోల్చడం అన్నిటికన్నా నమ్మకమైన పద్ధతి.

హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెల్లో చదువురానివాళ్ల కోసం ఎమ్ఎమ్ఎస్ఈని మార్చి హిందీలో 1995లో ప్రచురించారు. ఏడేసి తీసివెయ్యడం బదులు వారాల పేర్లు వెనక్కి చెప్పమంటారు. వాక్యం రాయమనే చోట మీ ఇంటి గురించి ఏదైనా చెప్పమంటారు. తర్వాత భారత వైద్య పరిశోధన మండలి తయారుచేసిన పరీక్షల సంపుటిలో తెలుగు కూడా ఉంది. అయినా వాడేవాడికి లోకజ్ఞానం ఉండాలి. "మనం ఏ జిల్లాలో ఉన్నాం?" అని అడిగితే ఇక్కడి పెద్దాయన "కృష్ణా జిల్లా" అంటారు. 2022 ఏప్రిల్ నుంచి విజయవాడ ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్లింది కదా, మార్కు కొట్టేద్దామా? నరసరావుపేట ఆయన గుంటూరు జిల్లా అంటే? ఆయన పుట్టినప్పుడు ఇదంతా మద్రాసు రాష్ట్రం! తేదీ అడిగితే తడుముకుని, "ఇవాళ ఏకాదశి, ఉపవాసం" అని ఠకీమని చెప్పే మామ్మగారికి రోజు తెలియదని ఎలా రాస్తాం?

మార్కులు తగ్గాయంటే అల్జీమర్సేనా? చూడాల్సినవి చాలా ఉన్నాయి. థైరాయిడ్ తగ్గినా, బీ12 తగ్గినా మతిమరుపు వస్తుంది, రక్త పరీక్షలో తెలుస్తుంది. నిద్ర మాత్రలు. తాగుడు అలవాటు. డిప్రెషన్, మన ఇళ్లలో దీన్ని వయసు కింద కట్టేస్తారు. ప్రశ్న వినపడక తప్పు చెప్పేవాళ్లు, శుక్లం వల్ల బొమ్మ కనపడక గియ్యలేనివాళ్లు. బాత్‌రూమ్‌లో జారిపడి తలకి తగిలి, అప్పటికి బాగానే ఉండి, కొన్ని వారాల తర్వాత మందగిస్తే లోపల రక్తం చేరి ఉండొచ్చు, స్కాన్ తీయాలి. ఒక్క విషయంలో మాత్రం నిదానం పనికిరాదు: నిన్నటిదాకా బాగున్న మనిషి ఒక్కసారిగా పొంతన లేకుండా మాట్లాడితే. మూత్రంలో ఇన్ఫెక్షన్ కావొచ్చు, సోడియం పడిపోయి ఉండొచ్చు. అది స్క్రీనింగ్ చేసే సమయం కాదు, ఆసుపత్రికి తీసుకెళ్లే సమయం.

(ఒక మహిళ: మా బాబాయికి పక్షవాతం వచ్చి మాట పోయింది. అన్నిటికీ "అదే, అదే" అంటారు. ఎవరో టెస్టు చేసి మతి కూడా పోయిందన్నారు.)

అది విని బాధగా ఉందమ్మా. ఆ పరీక్షలన్నీ మాటల మీదే నడుస్తాయి. మాట దెబ్బతిన్న మనిషికి వాటిలో సున్నా వచ్చినా తెలివి పోయిందని అర్థం కాదు. మాట ఇలా దెబ్బతినడాన్ని అఫేసియా అంటాం. దానికి వేరే స్క్రీనింగ్ ఉంది, మంచం దగ్గరే చేస్తారు. మాట ధారగా వస్తోందా, చెప్పింది అర్థమవుతోందా, మనం అన్నది తిరిగి అనగలరా, వాచీ చూపిస్తే పేరు చెప్పగలరా, అని నాలుగూ విడివిడిగా చూస్తాం. ఇంట్లో మీరు చూడగలిగింది ఒకటుంది. గ్లాసు, పేపరు, కళ్లజోడు ముందు పెట్టి "పేపర్ ఏది?" అనండి. చేత్తో చూపిస్తే ఆ మాట అర్థమైనట్టే. చూపించకపోతే కూడా మతి లేదనుకోకండి, అర్థం చేసుకునే భాగం దెబ్బతిని ఉండొచ్చు. "మూతి వంకర పోయింది, చెయ్యి లేవట్లేదు, మాట ముద్దగా వస్తోంది" అని కనపడిన నిమిషం మాత్రం గడియారం చూసుకోవాలి. మెదడులో రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి నాలుగున్నర గంటలే వ్యవధి. ముందు పావురం రక్తం పూయించి, మర్నాడు పెద్దాసుపత్రికి వచ్చేవాళ్లు ఇంకా ఉన్నారు.

మీ బాబాయిగారికి ఎన్నాళ్లయింది?

(మహిళ: నాలుగు నెలలు.)

ఇంకా మెరుగయ్యే కాలమే. రిపోర్టులు, ఆయన ఇదివరకు ఏ పని చేసేవారు, ఏ భాషలు వచ్చు, పేపర్ చదివే అలవాటు ఉందా, ఇవి రాసుకుని స్పీచ్ థెరపిస్టు దగ్గరికి తీసుకెళ్లండి. ఆయన్ని గదిలో కూర్చోబెట్టి మీరే అన్నీ చెప్పెయ్యకండి. ఆయన "అదే" అన్నా సరే, ముందు ఆయన్నే అడగనివ్వండి. తర్వాత ఎవరు? ఆ మూల మాస్టారు, మైకు అటు ఇవ్వండమ్మా.